పిస్తోలు గుండు: వెడల్పు, వెల, అభ్యాసము

చేతిలో నిముడు చిన్న తుపాకికి ఎంత వెడల్పు గల గుండు తగును? ఈ ప్రశ్న వినుటకు మిక్కిలి స్వల్పముగా దోచును. వడ్రంగి తన పనికి ఏ యులి కావలయునో ఎంచుకొనునట్లు, సైనికుడు తన పనికి ఏ గుండు కావలయునో ఎంచుకొనును. ఇందు చరిత్రకారునికి పని యేమి యని యెవరైనను అడుగవచ్చును. కాని ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుచు ఒక గొప్ప దేశపు సైన్యము పశువధశాలకు పోయినది, మృతకళేబరములపై గుండ్లు పేల్చినది, నూటనలుబది యేండ్లలో పెద్ద గుండే మేలని యొకసారియు, చిన్నదే మేలని మరియొకసారియు తన నిర్ణయమును పలుమారులు మార్చుకొన్నది. ఆ దేశము అమెరికా. ఆ చరిత్రలో ఆయుధము పట్టినవాని ప్రాణము, దారిని పోవు నిరపరాధి ప్రాణము, ప్రజలు కట్టిన పన్నుల సొమ్ము, ఈ మూడును ఒక్క ముడిలో బిగిసియున్నవి. ఆ ముడి యెట్లు పడినదో, దానిని విప్పు కొస యెచ్చట నున్నదో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

ముందుగా కొన్ని మాటల యర్థము తెలిసికొనుట మంచిది. తుపాకి గొట్టపు లోపలి వ్యాసమునకు కాలిబరు అని పేరు. మన దేశమున వాడుకలో బోరు అందురు. ఆంగ్లేయులును అమెరికనులును దీనిని అంగుళపు భాగములుగా లెక్కింతురు. తక్కిన ఐరోపావారు మిల్లీమీటర్లలో చెప్పుదురు. 0.45 బోరు అనగా అంగుళమును నూరు భాగములు చేసి అందు నలుబదియైదు భాగములు. 9 మిల్లీమీటర్లనగా అట్టి భాగములు సుమారు ముప్పదియైదు. ఈ రెంటికిని గల భేదము ఇంచుమించుగా రెండున్నర మిల్లీమీటర్లు. నేను చెప్పబోవు వివాదములో పెద్దభాగము ఈ రెండున్నర మిల్లీమీటర్ల మీదనే నడచినది.

గుండు బరువును గ్రెయినులలో చెప్పుట ఆచారము. గ్రెయిను అనగా ధాన్యపు గింజ. మన కంసాలులు గురివింద గింజతో బంగారము తూచినట్లే పడమటివారు పూర్వము ధాన్యపు గింజతో తూచిరి. ఆ పేరే నిలిచిపోయినది. 7000 గ్రెయినులు ఒక పౌను. ఇక తూటాలో నాలుగు వస్తువులు కలవు: ముందరి గుండు, లోపలి మందు, వాటిని పట్టియుంచు ఇత్తడి గొట్టము, మందు నంటించుటకు అడుగున నుండు రంజకము. మీట నొక్కగా రంజకము రగులును. మందు వాయువుగా మారును. ఆ వాయువు గుండును ముందుకు నెట్టును. అదే బలముతో తుపాకి వెనుకకు తన్నును. గుండు బరువైనకొలది, దాని వేగము హెచ్చినకొలది, ఈ వెనుకతన్ను హెచ్చును. ఈ యొక్క విషయమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. కథకంతటికి ఇదియే మూలము.

1873 వ సంవత్సరమున అమెరికా సైన్యము కోల్టు వారి 0.45 రివాల్వరును స్వీకరించెను. దాని గుండు దాదాపు 250 గ్రెయినుల బరువు గలది. గట్టిదే కాని, ప్రతి దెబ్బకును కీలును బొటనవ్రేలితో వెనుకకు లాగి, పిదప మీట నొక్కవలసి యుండెను. కాలక్రమమున మీట నొక్కినంతనే కీలు తనంతట లేచి పడు రివాల్వరులు వచ్చెను. 1892 వ సంవత్సరమున సైన్యము అట్టిదానిని 0.38 బోరులో ఎంచుకొనెను. దీని గుండు 150 గ్రెయినులు మాత్రమే. మోయుటకు తేలిక, వెనుకతన్ను స్వల్పము, కాల్చుట త్వరితము. కాగితముపై చూచినచో ఇంతకన్న యుక్తమైన మార్పు లేదు.

ఆ యుక్తి ఫిలిప్పీను ద్వీపములందు పరీక్షకు వచ్చెను. 1898 వ సంవత్సరాంతమున స్పెయిను ఆ ద్వీపములను రెండు కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించెను. తమ దేశము తమ్మడుగకయే చేతులు మారుట సహింపని ఫిలిప్పీనులు 1899 వ సంవత్సరమున ఆయుధము పట్టిరి. దక్షిణమున మిందనావో, సూలూ ద్వీపములందలి మోరో జాతివారితో పోరు 1913 వరకు సాగెను. వారిలో కొందరు ప్రాణములపై ఆశ విడిచి, వంకర కత్తులు ధరించి, ఒంటరిగా శత్రువుల గుంపుపై బడుచుండిరి. అట్టివానిపై 0.38 గుండ్లు పేల్చిన యధికారులు, గుండ్లు తగిలియు వాడు నిలువక ముందుకే వచ్చెనని పై యధికారులకు మొరపెట్టుకొనిరి. 1905 అక్టోబరులో సమార్ ద్వీపమున జరిగిన యొక సంఘటన వైద్యగ్రంథముల కెక్కినది. అంటోనియో కాస్పి యను ఖైదీ పారిపోవ యత్నింపగా, మిక్కిలి దగ్గరనుండి నాలుగు 0.38 గుండ్లు కొట్టిరి. అతడు పడలేదు. తుదకు తుపాకి మడమతో నొసట మోదగా గాని అతడు సొమ్మసిల్లలేదు. ఇట్టి యనుభవముల వలన సైన్యము మూలబడిన పాత 0.45 రివాల్వరులను మరల బయటికి తీసి ద్వీపములకు పంపెను.

ఇచ్చట మన దేశమునకు సంబంధించిన విషయ మొకటి కలదు. ఆ కాలముననే ఆంగ్లప్రభుత్వమును హిందూదేశపు వాయవ్య సరిహద్దున ఇట్టి చిక్కునే ఎదుర్కొనెను. కలకత్తా సమీపమున డండం అను చోట గల ఆయుధశాలలో, కొన యందు సీసము బయలుపడునట్లు గుండ్లు చేసిరి. అవి శరీరమున దూరగానే పువ్వువలె విచ్చుకొని ఘోరమైన గాయము చేయును. ఆ గ్రామము పేరిటనే వానికి డండం గుండ్లని లోకమంతట పేరు వచ్చినది. 1898 లో ఆంగ్లేయులు తమ 0.455 రివాల్వరునకును ముఖము గుల్లగా నున్న గుండును స్వీకరించిరి. కాని 1899 వ సంవత్సరమున హేగు నగరమున జరిగిన శాంతి మహాసభ, శరీరములో విచ్చుకొను గుండ్లను యుద్ధమున వాడరాదని ప్రకటించెను. అమెరికా దానిపై సంతకము చేయకపోయినను ఆచరణమున అనుసరించెను. కావున సైన్యములకు మిగిలిన మార్గ మొక్కటే: లోపల విచ్చుకొనుట కూడనపుడు గుండు మొదటనే వెడల్పుగా నుండవలెను. పెద్ద బోరుపై పక్షపాతము వట్టి మొండిపట్టు కాదు. దానికి ఇట్టి న్యాయమైన కారణమును గలదు.

1904 వ సంవత్సరమున అమెరికా సైన్యము ఈ విషయమును తేల్చుటకు ఇద్దరిని నియమించెను. ఒకరు ఆయుధశాఖకు చెందిన జాన్ థాంసను. మరియొకరు వైద్యశాఖకు చెందిన లూయీ లగార్డు. వారు షికాగో నగరపు పశువధశాలకు పోయి, వధింపబడనున్న పశువులపై పలు విధముల గుండ్లు పేల్చి, అవి యెంతకాలమునకు కూలునో లెక్కించిరి. మృతకళేబరములను వ్రేలాడదీసి, గుండుదెబ్బకు అవి యెంత యూగునో అంచనా వేసిరి. నేటి 9 మిల్లీమీటర్ల గుండును నాటి పరీక్షలో నుండెను. వినుటకే యొడలు జలదరించు నీ పరీక్ష నేటి శాస్త్రజ్ఞుల దృష్టిలో నిర్దుష్టమైనది కాదు. పశువులు కొలదిగా నుండెను. ఊగుటను బట్టి గాయమును నిర్ణయించుట యుక్తము కాదు. అయినను వారి నివేదిక చరిత్రను మార్చినది.

ఆ నివేదికలో రెండు సలహాలు కలవు. మొదటిది, సైనికుని పిస్తోలు గుండు 0.45 కంటె తక్కువ వెడల్పుది కారాదనుట. రెండవది, మానవ శరీరమున అధికభాగము గుండు తగిలినను మనిషిని తక్షణమే నిలుపగల చోటు కాదు గనుక, పిస్తోలు ధరించు సైనికులకు గురి తప్పకుండ కొట్టుటలో ఎడతెగని శిక్షణ మీయవలెననుట. పెద్ద గుండును సూచించిన యా యిద్దరే, గుండు పెద్దదైనంతమాత్రమున చాలదని అదే కాగితముపై వ్రాసిరి. లోకము మొదటి సలహాను కంఠస్థము చేసినది, రెండవదానిని మరచినది. దీనికి కారణము స్పష్టమే. మొదటి సలహాను ఒక్కసారి డబ్బిచ్చి కొనవచ్చును. రెండవదానికి ప్రతివత్సరము, ప్రతిమాసము, ప్రతి సైనికునికి తూటాల రూపమున డబ్బు పోయవలెను.

మొదటి సలహా శీఘ్రముగా ఫలించెను. జాన్ బ్రౌనింగు అను శిల్పి 230 గ్రెయినుల 0.45 గుండును కాల్చు పిస్తోలును రూపొందించెను. 1911 మార్చిలో జరిగిన తుదిపరీక్షలో అది 6000 తూటాలను ఒక్క లోపమును లేక పేల్చి, ఆ నెలలోనే సైన్యమునకు ఎక్కెను. రెండు ప్రపంచయుద్ధములలో అది సైనికుల నడుమున నుండెను. దాని కీర్తి సామాన్యమైనది కాదు.

ఇక రెండవ సలహా సంగతి చూతము. ఇచ్చట కొంచెము లెక్క అవసరము. బడిపంతుళ్లకు లెక్క లేనిదే తృప్తి కలుగదు. ఒక పౌను లోహమును కరిగించి 230 గ్రెయినుల గుండ్లు పోసినచో ముప్పది వచ్చును. అదే లోహముతో 115 గ్రెయినుల 9 మిల్లీమీటర్ల గుండ్లు పోసినచో అరువది వచ్చును. చిన్నపిల్లలకు గురి నేర్పు 0.22 రైఫిలునకు వాడు 40 గ్రెయినుల గుండ్లు నూటడెబ్బదియైదు వచ్చును. ఇది గుండు లెక్క మాత్రమే. తూటాలో అన్నిటికంటె విలువైనది ఇత్తడి గొట్టము. పెద్ద గుండునకు పెద్ద గొట్టము కావలెను. పెట్టెలు బరువగును, బండికూలి హెచ్చును. దీనికితోడు, ఏ తూటాను కర్మాగారములు కోట్లకొలదిగా చేయునో దాని వెల తగ్గును. అరుదుగా చేయుదాని వెల పెరుగును. కావున తూటా వెల గుండు వెడల్పుతోపాటు, లోకములో దానిని వాడువారి సంఖ్యనుబట్టియు నుండును.

1931 వ సంవత్సరమున, ఆర్థికమాంద్యము ముమ్మరముగా నున్న వేళ, కోల్టు వారు ఏస్ అను పిస్తోలు నమ్మకమునకు తెచ్చిరి. అది చూచుటకు పట్టుటకు 1911 నాటి సైనిక పిస్తోలు వంటిదే. కాని చవుకయైన 0.22 తూటాను కాల్చును. పెద్ద తూటా లేకయే పెద్ద పిస్తోలుపై చేయి కుదుర్చుకొనవలెనను తలంపు. అందొక లోపము కనబడెను. చిన్న తూటాకు వెనుకతన్ను లేదు. తన్ను లేని పిస్తోలుతో నేర్చినవాడు అసలు పిస్తోలు పట్టగానే ఉలికిపడును. డేవిడ్ విలియమ్సు అనునతడు తూటా నిలుచు గదిని కదలునట్లుగా చేసి, చిన్న తూటాకే పెద్ద తన్ను వచ్చు నుపాయమును కల్పించెను. 1937 నుండి ఆ యుపాయముతో కూడిన ఏస్ పిస్తోలులు వెలువడెను. చవుక తూటాకు ఖరీదైన తూటావలె తన్ను నేర్పుటకు ఒక మేధావి ఇంత శ్రమ పడవలసి వచ్చెనన్నచో, అభ్యాసమునకును వెలకును గల పెనుగులాట ఎంతటిదో మనకు బోధపడును.

అదే ప్రశ్నకు ఆంగ్లేయులు వ్యతిరేకమైన సమాధానము చెప్పిరి. మొదటి ప్రపంచయుద్ధమున వారి 0.455 రివాల్వరు గట్టిదని పేరు పొందెను. కాని యుద్ధకాలమున త్వరత్వరగా చేర్చుకొన్న వారికి దానిని సాధించుటకు వ్యవధి లేకపోయెను. అల్పశిక్షణ పొందినవాడు చక్కగా కొట్టగల చిన్న గుండు, అతడు కొట్టలేని పెద్ద గుండు కంటె మేలని వారు నిశ్చయించి, 0.38 బోరున 200 గ్రెయినుల బరువైన గుండును ఎంచుకొని, 1932 లో ఎన్‌ఫీల్డు రివాల్వరును స్వీకరించిరి. ఆ 0.38 బోరు సామ్రాజ్యముతోపాటు మన దేశమునకును వచ్చినది. స్వరాజ్యము వచ్చిన పిదపను మన పోలీసుబలగములందు చాలకాలము వాడుకలో నుండినది. చూడుడు: అమెరికా సైన్యము ఆయుధమును పెద్దది చేసి మనిషిని దానికి తగినట్లు మలచదలచినది, ఆంగ్లసైన్యము మనిషి యెంత నేర్వగలడో చూచి ఆయుధమును తగ్గించినది. రెండు పక్షములలోను ధనపుసంచి వెనుకనుండి చేయి చాచి సలహా చెప్పుచునే యున్నది.

ఈ నడుమ ఐరోపాలో మూడవది పెంపొందుచుండెను. గియోర్గు లూగర్ రూపొందించిన 9 మిల్లీమీటర్ల తూటాను 1904 లో జర్మను నౌకాసైన్యమును, 1908 లో జర్మను భూసైన్యమును స్వీకరించెను. రెండవ ప్రపంచయుద్ధమున శత్రువులైన ఆంగ్లేయులే తమ స్టెన్ తుపాకికి ఈ తూటానే వాడిరి. యుద్ధానంతరము పడమటి రాజ్యముల కూటమి దీనినే ఉమ్మడి తూటాగా అంగీకరించెను. స్వతంత్ర భారతసైన్యమునకు ఇషాపూరు కర్మాగారమున చేసిన పిస్తోలును 9 మిల్లీమీటర్లదే. మిత్రరాజ్యములన్నియు ఒక తూటాను వాడుచుండగా తానొక్కటి వేరు తూటా మోయుట తగదని, అమెరికా 1985 జనవరిలో ఇటలీవారి బెరెటా పిస్తోలును 9 మిల్లీమీటర్ల బోరులో స్వీకరించెను. పాత పిస్తోలు పెట్టెలో ఏడు తూటాలు పట్టును. దీనిలో పదునైదు పట్టును.

మరుసటి యేడే వివాదము తిరుగబెట్టెను. 1986 ఏప్రిలు 11 వ తేదీన మయామి నగర సమీపమున బ్యాంకుదొంగలిద్దరిని కేంద్ర నేరపరిశోధక శాఖవారు, అనగా ఎఫ్‌బీఐ వారు, వీధిలో అడ్డగించిరి. కాల్పులలో ఇద్దరు అధికారులు మరణించిరి, ఐదుగురు గాయపడిరి, దొంగలిద్దరును చచ్చిరి. ఒక అధికారి కొట్టిన 9 మిల్లీమీటర్ల గుండు దొంగ చేతిలోనుండి రొమ్మున దూరి, గుండెకు కొంచెము దూరములో ఆగిపోయెను. ఆ గాయము ప్రాణాంతకమే. కాని ఆ దొంగ చచ్చుటకు ముందు మరికొన్ని నిమిషములు పోరాడెను. అధికారు లిద్దరును మరణించినది ఆ నిమిషములలోనే. దొంగచేత రైఫి లుండెను. అధికారులలో అధికులచేత పిస్తోలులు, రివాల్వరులే యుండెను. ఇట్టి పోరున బలాబలముల భేదము మొదటనే కలదు. అయినను నింద యంతయు గుండుపై బడెను.

ఆ శాఖవారు 1987 లో వైద్యులను, శాస్త్రజ్ఞులను పిలిచి విచారణ జరిపిరి. 1989 లో ఒక నివేదికను ప్రకటించిరి. పిస్తోలు గుండు మనిషిని పడద్రోయునను నమ్మకము వట్టిదని అది తేల్చినది. గుండు మనిషిని నెట్టు బలము, పేల్చినవానిని పిస్తోలు వెనుకకు తన్ను బలమును మించదు. పేల్చినవాడు పడనపుడు తగిలినవాడేల పడవలెను? మనిషిని నిశ్చయముగా నిలుపునవి రెండే: మెదడు గాని వెన్నెముక పైభాగము గాని చెడుట, లేక రక్తము పోవుట. గుండెయే చినిగినను మెదడులోని ప్రాణవాయువు పది పదునైదు సెకండ్ల వరకు చాలును. కావున గుండు లోతుగా దూరవలెను. అంతకంటె ముఖ్యముగా తగులవలసిన చోట తగులవలెను.

శాస్త్రమిట్లు చెప్పినను చేతలు మరల పెద్ద గుండువైపే మొగ్గెను. ఆ శాఖ మొదట 10 మిల్లీమీటర్ల తూటాను చేపట్టెను. దాని తన్ను పలువురికి పట్టశక్యము కాక, మందు తగ్గించి వాడిరి. మందు తగ్గించినపుడు అంత పొడుగు గొట్టమేల యని, దానిని కురుచ చేసి 1990 జనవరిలో 0.40 తూటాను వెలువరించిరి. అమెరికా పోలీసులలో అది వేగముగా వ్యాపించెను. 1997 నుండి నేరపరిశోధక శాఖయు దానినే వాడెను. కాని దాని తన్ను తీవ్రము. పిస్తోలులు త్వరగా అరుగును. తూటా 9 మిల్లీమీటర్లదానికంటె ప్రియము. ఇంతలో గుండ్ల నిర్మాణము మెరుగుపడినది. యుద్ధనిబంధనలు పోలీసులకు వర్తింపవు గనుక వారు విచ్చుకొను గుండ్లనే వాడుదురు. శరీరమువంటి సాంద్రత గల జిగురుముద్దపై పేల్చి, పండ్రెండు మొదలు పదునెనిమిది అంగుళముల లోతు దూరవలెనని నియమము పెట్టుకొని చూడగా, మంచి 9 మిల్లీమీటర్ల గుండ్లును పెద్దవానితో సరితూగెను.

2014 వ సంవత్సరమున అదే శాఖ మరల 9 మిల్లీమీటర్లే మేలని నిర్ణయించెను. చెప్పిన కారణములు నాలుగు: గాయమున పెద్ద భేదము లేదు, తన్ను తక్కువగుటచే అధికులు వేగముగాను సూటిగాను కొట్టగలరు, పెట్టెలో తూటాలు హెచ్చుగా పట్టును, వెల తక్కువ. ఆ నిర్ణయపత్రములోనే మరియొక సంఖ్య కలదు: నిజమైన కాల్పులలో పోలీసుల గుండ్లలో నూటికి ఇరువది మొదలు ముప్పది మాత్రమే గురికి తగులుచున్నవట. 2017 లో అమెరికా సైన్యము క్రొత్త పిస్తోలును ఎంచుకొనినపుడును బోరు 9 మిల్లీమీటర్లే.

శ్రోతలారా, ఆ సంఖ్యవద్ద మనము ఒక్క క్షణము ఆగవలెను. నాలుగు గుండ్లలో ఒకటి తగిలినదన్నచో మిగిలిన మూడెచ్చటికి పోయినవి? అవి గాలిలో కరిగిపోవు. గోడను దూరును, కిటికీని దూరును, అంగడిముందు నిలిచిన వానిని దూరును. గుండు వెడల్పు పెంచినంతమాత్రమున ఈ మూటి గతి మారదు. రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పు హెచ్చినచో ఒక్కొక్క ప్రక్కకు హెచ్చునది మిల్లీమీటరును పాతికయు మాత్రమే. జానెడు దూరము తప్పిన గురిని ఆ మిల్లీమీటరు దిద్దదు. దిద్దగలది అభ్యాసము. అభ్యాసమునకు మూల్యము తూటా. తూటాకు మూల్యము రొక్కము. కావున తూటా వెలను విచారించుట పిసినారితనము కాదు. నూరు తూటాల సొమ్ముతో నూటయేబది వచ్చినచో, ఆ హెచ్చిన యేబదియు మైదానమున అధికారి చేతికి విద్యగా చేరినపుడు అది దాతృత్వమే.

చేరినపుడు అని ఏల యంటిననగా, వెల తగ్గిన తూటాను ఎంచుకొని, మిగిలిన సొమ్మును వేరొక పద్దులోనికి మార్చుకొని, అభ్యాసమును పూర్వమువలెనే అల్పముగా నుంచు ప్రభుత్వములును ఉండవచ్చును. అట్టి పొదుపు చూచుటకు పొదుపే. కాని దాని బాకీ వీధిలో నెవరో ప్రాణముతో తీర్తురు. అట్లే చిన్న గుండు ఎంత చిన్నదైనను చాలుననుటయు పొరపాటే. 1892 నాటి 0.38 గుండు చాలలేదు; కనీసపు లోతు దూరని గుండు ఎంత చవుకైనను పనికిరాదు. ఆ కనీసపు హద్దు దాటిన పిమ్మట వెడల్పునుగూర్చి తగవులాడుట కంటె, అదే సొమ్ముతో చేయి కుదుర్చుకొనుట మేలు. 2020, 2021 సంవత్సరములందు అమెరికాలో తూటాలకు కరవు వచ్చి 9 మిల్లీమీటర్ల వెలయు రెట్టింపును మించెను. ఏ తూటాయు శాశ్వతముగా చవుక కాదనియు, నాటి వెలను గాక నేర్పవలసిన విద్యను ముందుంచుకొని లెక్క వేయవలెననియు దీనివలన తెలియుచున్నది.

మన దేశమున సామాన్య పౌరునికి ఈ ఎంపిక లేదు. సైన్యమును పోలీసులును వాడు బోరులు సాధారణముగా పౌరులకు నిషిద్ధములు. కాన్పూరు కర్మాగారమున చేయు 0.32 రివాల్వరు వంటివే లైసెన్సుపై దొరకును. కొనదగిన తూటాల సంఖ్యకును మితి కలదు. దీనివలన మన వీధులకు మేలే కలిగినది. కాని రక్షణకై దానిని కొని ఇనుపపెట్టెలో దాచుకొను గృహస్థుడు ఒక సంగతి తెలిసికొనవలెను: అభ్యాసము లేనివాని చేతిలోని రివాల్వరు శత్రువునకెంత భయమో ఇంటివారికిని అంతే భయము.

మన పూర్వులు ఈ ధర్మమును వేరు రూపమున చెప్పియున్నారు. భారతమున కర్ణునివద్ద ఇంద్రుడిచ్చిన శక్తి కలదు. అది తప్పనిది, కాని ఒక్కసారికే పనికివచ్చును. దానిని అర్జునునికై దాచి దాచి, తుదకు ఘటోత్కచునిపై విడువవలసి వచ్చెను. అర్జునునివద్ద నున్నవో, తరుగని యమ్ములపొదులు. కాని ఖాండవదహనవేళ ఆ పొదులు దొరకుటకు ఎంతో ముందే అర్జునుడు విలుకాడైనాడు. భోజనవేళ దీపమారగా, చీకటిలోను చేయి అలవాటుచే నోటికి పోవుటను గమనించి, నాటినుండి రాత్రులందు చీకటిలో విల్లు నభ్యసించెను. ముందు అభ్యాసము, పిదప అక్షయతూణీరము. వ్యాసుడు పెట్టిన వరుస అది. షికాగో వధశాలనుండి వచ్చిన ఇద్దరు అధికారులు 1904 లో వ్రాసిన రెండవ సలహాయు అదియే. ఆయుధశాలల లెక్కలు వ్రాయువారు మొదటి సలహాతోపాటు ఆ రెండవదానికిని ఒక పద్దు తెరచినచో, ఈ రెండున్నర మిల్లీమీటర్ల వివాదము చాలవరకు తానే యణగునని విన్నవించి విరమింతును.